వీసా అడగని ఊరు: స్వాల్‌బార్డ్ జ్ఞాపకాలు

నార్వేకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న ద్వీపాల గుంపు స్వాల్‌బార్డ్. అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లు ఎక్కడ కలిసినా మాట ముందు చలి మీదికి పోదు, ఇంటి మీదికి పోతుంది. "నీకు ఇల్లు ఎవరిచ్చారు?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివాళ్లు ఏ పని చేశారో, ఏ వైపు ఉండేవాళ్లో, ఎందుకు వెళ్లిపోవాల్సి వచ్చిందో సగం తెలిసిపోతుంది. బయటివాళ్లు మాత్రం మొదట వీసా గురించే అడుగుతారు. అసలు సంగతి అక్కడ లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అక్కడి ప్రధాన ఊరు లాంగ్‌ఇయర్‌బ్యెన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఉత్తర ధ్రువం అక్కడికి సుమారు 1,300 కిలోమీటర్లు. జనం 2,500 మంది దాకా ఉంటారు, వాళ్లలో యాభైకి పైగా దేశాలవాళ్లు. నార్వేవాళ్ల తర్వాత ఎక్కువగా కనిపించేది థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వాళ్లే. ఇంతమంది ఇలా చేరడానికి మూలం 1920 ఫిబ్రవరి 9న ప్యారిస్‌లో కుదిరిన ఒప్పందం. 1925 ఆగస్టు 14న అది అమల్లోకి వచ్చింది. ద్వీపాల మీద సార్వభౌమాధికారం నార్వేది, కానీ సంతకం చేసిన దేశాల పౌరులు అక్కడ పని, వ్యాపారం చేసుకునే హక్కులో నార్వేవాళ్లతో సమానం. అప్పటి బ్రిటిష్ ఇండియా తరఫున కూడా సంతకం పడింది. ఆచరణలో నార్వే ఏ దేశంవాళ్లనూ అక్కడ వీసా గానీ నివాస అనుమతి గానీ అడగదు. తలుపు తీసే ఉంటుంది గానీ, లోపలికి వచ్చినవాళ్లకు పీట వేసేవాళ్లు ఎవరూ ఉండరు.

మనవాళ్లు ముందు తప్పటడుగు వేసేది దారిలోనే. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదన్న మాట నిజమే, కానీ విమానాలు ఓస్లో నుంచో ట్రొమ్సో నుంచో వెళ్తాయి, ఆ రెండూ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో ఉన్నాయి. స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట ఉంది. అంటే ఓస్లోలో దిగినప్పుడు ఒకసారి షెంగెన్‌లోకి వచ్చినట్టు, స్వాల్‌బార్డ్ విమానం ఎక్కగానే బయటికి పోయినట్టు, తిరుగు ప్రయాణంలో మళ్లీ లోపలికి వచ్చినట్టు లెక్క. ఒక్క ప్రవేశం ఉన్న వీసాతో వెళ్తే వెనక్కి రావడానికి దారి ఉండదు. కాబట్టి దరఖాస్తులోనే కనీసం రెండు ప్రవేశాలు అడగాలి. ఉండిపోదామని వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కు. షెంగెన్ వీసా గడువు దాటిపోయినా స్వాల్‌బార్డ్‌లో ఉండటం చట్టబద్ధమే. కానీ ఇంటికి రావాలన్నా, ఓస్లోలోని మన రాయబార కార్యాలయానికి పోయి పాస్‌పోర్ట్ మార్చుకోవాలన్నా, పంటి నొప్పికి పెద్ద వైద్యం కావాలన్నా మళ్లీ వీసా ఉండాల్సిందే. అమ్మకు బాగాలేదని ఫోన్ వచ్చిన రోజు మొదలుపెట్టే పని కాదది. గడువు ఇంకా ఉండగానే తర్వాతి వీసా సంగతి చూసుకునేవాళ్లే అక్కడ నిమ్మళంగా నిద్రపోయేవాళ్లు.

ఊళ్లో పెద్ద దిక్కు సిస్సెల్‌మెస్టర్, అంటే గవర్నర్. పోలీసు అధికారాలూ ఆయన కార్యాలయానివే. సొంతంగా బతికే స్తోమత లేనివాళ్లను పంపించే అధికారం 1995 నిబంధనల కింద ఆ కార్యాలయానికి ఉంది. నిరుద్యోగ భృతి లేదు, వృద్ధాశ్రమం లేదు, మంచాన పడినవాళ్లను చూసే ఏర్పాటు లేదు. స్వాల్‌బార్డ్‌లో గడిపిన ఏళ్లు నార్వేలో శాశ్వత నివాసానికీ పౌరసత్వానికీ లెక్కలోకి రావు. పదేళ్లున్నా కాగితం మీద కొత్తగా వచ్చినవాళ్లతో సమానమే. ఇది ముందే తెలిసి వెళ్లినవాళ్లు ఆ ఊరిని మనసారా ప్రేమించారు. తెలియక వెళ్లినవాళ్లు దాని మీద కోపంతో తిరిగొచ్చారు.

కాగితాల పని చిన్నదే. ఆరు నెలలకు మించి ఉండేవాళ్లు ఊళ్లోని పన్ను కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్ట్, పని ఒప్పందం, ఇంటి చిరునామా పట్టుకెళ్లాలి. ప్రధాన భూభాగంలో ఎప్పుడూ ఉండని విదేశీయులకు డి-నంబర్ అనే తాత్కాలిక గుర్తింపు సంఖ్య ఇస్తారు. బ్యాంకు ఖాతా దగ్గర పని నత్తనడకన సాగుతుంది, ఎందుకంటే అక్కడి ఆన్‌లైన్ సేవలన్నీ నార్వే పూర్తి గుర్తింపు సంఖ్య ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మొదటి రెండు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము మన దగ్గరి అంతర్జాతీయ కార్డులో ఉంచుకుని వెళ్లడం మంచిది. ఆదాయపు పన్ను 8 శాతం, దాని పైన జాతీయ బీమా వాటా, రెండూ జీతంలోంచే పోతాయి. వ్యాట్ లేదు. అందుకని ఉన్ని బట్టలూ బూట్లూ ఓస్లో కంటే అక్కడే చవక. పాలు, టమాటాలు మాత్రం అంత దూరం రవాణా అయి రావాలి కనుక చేయి కాలేంత ధర.

ఇక ఇల్లు. ఊళ్లో చాలా ఇళ్లు ప్రభుత్వానివో, కంపెనీలవో. ఉద్యోగంతో పాటు ఇల్లు వస్తుంది, ఉద్యోగంతో పాటే పోతుంది. బయట అద్దెకు దొరికేవి బహు తక్కువ. హోటళ్లూ రెస్టారెంట్లూ మనిషిని తీసుకునే ముందు "ఉండటానికి చోటుందా?" అని అడుగుతాయి, ఇల్లు ఇచ్చేవాళ్లు "ఉద్యోగం ఉందా?" అని అడుగుతారు. ఈ ముడి ఊళ్లో కూర్చుని విప్పేది కాదు. ఇల్లు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్న ఉద్యోగం చేతికొచ్చాకే విమానం ఎక్కాలి. ఆ ఒప్పందంలో ఉద్యోగం మానేసిన ఎన్ని రోజులకు గది ఖాళీ చేయాలో చదువుకోవాలి. జీతం అంకె కంటే ఆ గడువే ముఖ్యం. పర్యాటకుల పనికి మనుషులు ఎక్కువగా కావాల్సింది ఫిబ్రవరి నుంచి మే మొదటి వారాల దాకా, తర్వాత వేసవి ఓడల కాలంలో. అక్టోబర్‌లో వెళ్లి పని వెతికితే చీకటి తప్ప ఏదీ దొరకదు.

2015 డిసెంబర్ 19న సుక్కర్‌టోపెన్ కొండ మీంచి మంచు చరియ జారిపడి ఇద్దరు చనిపోయారు, పదకొండు ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత కొండవాలు కింద ప్రమాదకరమని తేల్చిన ఇళ్లను ఖాళీ చేయించి కూల్చారు. ఇళ్ల కొరత అప్పటి నుంచి ఇంకా బిగుసుకుంది.

ఆ ఊరి ఇళ్లు కళ్లకు కట్టినట్టున్నాయి. ఎరుపు, ఆవ పసుపు, ముదురు ఆకుపచ్చ చెక్క ఇళ్లు వరసగా, అన్నీ గుంజల మీద నిలబెట్టినవే. నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, వేసవిలో పైన మీటరు దాకా కరుగుతుంది. ఇంటి వేడి నేలకు తగిలితే కింద మంచు కరిగి పునాది కుంగుతుంది. అందుకే నేలకూ ఇంటికీ మధ్య గాలి ఆడేంత ఖాళీ వదులుతారు. నీళ్ల గొట్టాలూ వేడినీటి గొట్టాలూ కూడా భూమిలో వేయలేక, చెక్కపెట్టెల్లో చుట్టి నేలమీదే ఊరంతా తిప్పారు. వేసవిలో రెయిన్‌డీర్లు వాటి పక్కనే మేస్తూ కనిపిస్తాయి.

తలుపు తీయగానే ఉండే చిన్న వసారా మాత్రం మరవలేం. అక్కడ చెప్పులు విప్పాలి. ఇంట్లోనే కాదు, మ్యూజియంలో, విశ్వవిద్యాలయ కేంద్రంలో, కొన్ని హోటళ్లలో కూడా. గని నుంచి వచ్చే కార్మికుల బూట్ల బొగ్గు మసి లోపలికి రాకుండా పుట్టిన అలవాటట. గనులు మూతబడ్డాయి, అలవాటు ఉండిపోయింది. మనకు ఇందులో కొత్తేమీ లేదు, ఇంటికి వచ్చినట్టే అనిపిస్తుంది. ఒక గోడకు స్కూటర్ సూట్లు, అంటే మంచు మీద నడిచే స్నోస్కూటర్ బండి ఎక్కేటప్పుడు వేసుకునేవి, వేలాడుతుంటాయి. కింద మంచు కరిగి నీళ్లోడే బూట్లు, వాటి పక్కన ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు, పైన అరలో చేతి తొడుగులు జతజతగా ఆరబెట్టి. తడి ఉన్ని, పెట్రోల్, కాఫీ కలిసిన ఆ వాసన ఇంకెక్కడా రాదు.

బట్టల విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటే, లావుపాటి కోటు ఒకటి కొనేసి కింద నూలు బట్ట వేసుకోవడం. నూలు చెమట పీల్చి తడిగా ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనించి పల్చటి మెరినో ఉన్ని, దాని మీద మందపు ఉన్ని, పైన గాలి చొరబడని తొడుగు వేసుకోవాలి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి. రెండు జతల మేజోళ్లతో బిగుసుకుంటే రక్తం ఆడక వేళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి. శీతకాలం సగటు మైనస్ 15 చుట్టూ ఉంటుంది, కానీ గాలి తోడైతే ఆ అంకెకు అర్థం ఉండదు. బయట ఉన్నప్పుడు కొద్ది నిమిషాలకోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అక్కడి మర్యాద. బుగ్గ మీదో ముక్కు కొసనో రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ కనిపిస్తే వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఆ మచ్చ ఉన్నవాళ్లకు నొప్పి తెలియదు. రుద్దకూడదు, మంచు అసలే రాయకూడదు. తొడుగు తీసి వెచ్చటి అరచేయి దాని మీద కదపకుండా ఆనించి, రంగు తిరిగొచ్చేదాకా ఉంచాలి.

సూర్యుడు అక్టోబర్ 26 ప్రాంతంలో దిగిపోతాడు. నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా మధ్యాహ్నం పన్నెండుకూ అర్ధరాత్రికీ తేడా ఉండదు. చీకటికి భయపడాల్సిన పని లేదు, నిద్ర వేళ చెదరడమే అసలు ఇబ్బంది. అలారం పెట్టుకుని రోజూ ఒకే వేళకు లేవడం, విటమిన్ డి వేసుకోవడం, పని అయిపోయాక ఇంట్లో ముడుచుకోకుండా ఎవరింటికో పోవడం, ఈ మూడూ తప్పకుండా పాటించినవాళ్లు బాగానే ఉన్నారు. తలదీపం, మెరిసే పట్టీలు లేకుండా రోడ్డెక్కకూడదు. ఈ మధ్య జనవరిలో కూడా వాన పడుతోంది. ఆ వాన గడ్డకట్టి ఊరంతా అద్దంలా మారితే బూట్లకు ముళ్ల పట్టాలు లేకుండా నడవలేం. రెయిన్‌డీర్లకూ మేత ఆ మంచు పలక కింద చిక్కుకుపోతుంది. ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు దిగంతం మీదికి వచ్చినా కొండలు అడ్డుపడి ఊళ్లోకి వెలుగు మార్చి 8కి గానీ రాదు. ఆ రోజు ఊరంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరుతుంది, పిల్లలు ముఖాలకు పసుపు రంగు వేసుకుని సూర్యుణ్ని కేకేసి పిలుస్తారు. ఆ వారమంతా పండగే. సంక్రాంతి అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది అక్కడే. ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 22 దాకా ఇక అస్తమించడు. అప్పుడు కిటికీలకు నల్ల తెరలు కావాలి.

ధ్రువపు ఎలుగుల సంగతి. జనం కంటే ఎలుగులే ఎక్కువని అందరూ అంటారు. అది చుట్టూ ఉన్న బారెంట్స్ సముద్ర ప్రాంతాన్ని మొత్తం కలిపి చెప్పే లెక్క. స్వాల్‌బార్డ్‌లోనే తిరిగేవి సుమారు మూడు వందలు. ఆ కొద్ది వాటితోనూ జాగ్రత్త అవసరమే. 2020 ఆగస్టులో విమానాశ్రయం పక్క గుడారాల మైదానంలోనే ఒక మనిషి చనిపోయాడు. ఊరి హద్దు దాటితే ఎలుగును బెదరగొట్టే సాధనం ఉండాలి, తుపాకీ కూడా తీసుకెళ్లమని గవర్నర్ కార్యాలయం చెబుతుంది. తుపాకీ అద్దెకు తీసుకోవడానికీ ఆ కార్యాలయం అనుమతి కావాలి. ఊళ్లో గుండ్లు నింపి తిప్పకూడదు. బయట మ్యాగజీన్‌లో గుండ్లుంటాయి, గొట్టంలో మాత్రం ఉండకూడదు. బోల్ట్‌కు నూనె పూయకూడదు, చలికి చిక్కబడి పట్టేస్తుంది. తుపాకీని బయటి నుంచి నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే తేమ పడుతుంది, మర్నాడు బయటికి తీసుకెళ్లగానే ఆ తేమ గడ్డకడుతుంది. అందుకే చల్లటి వసారాలోనే వదిలేస్తారు. ముందు వాడేది సిగ్నల్ పిస్తోలు. ఆ వెలుగు గుండు ఎలుగుకూ మనకూ మధ్య పడాలి. దాని వెనక పడితే బెదిరి మన మీదికే పరిగెత్తుతుంది. 1973 నుంచి అవి రక్షిత జంతువులు. 2025 నుంచి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. చూడ్డానికి దగ్గరికి పోవడం నేరమే. అది సరైన నియమం కూడా.

ఊళ్లో రోడ్లన్నీ కలిపి నలభై కిలోమీటర్ల చిల్లర. ఏ రోడ్డూ పక్క ఊరికి పోదు. రష్యావాళ్ల బారెంట్స్‌బర్గ్‌కు శీతకాలంలో స్నోస్కూటర్ మీద వెళ్లాలి. విడి డ్రైవ్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, డబ్బాలో పెట్రోల్, తాడు, శాటిలైట్ ఫోన్ తప్పనిసరి. మంచు చరియ కింద పూడిన మనిషిని వెతికే ట్రాన్సీవర్, పొడుగు కడ్డీ, పార మాత్రం వెనక బండిలో కాదు, ఒంటి మీదే ఉండాలి, ఎందుకంటే బండి మంచులో పూడితే అవీ పూడిపోతాయి. ఆకాశం మబ్బేసిన రోజు నేల మీద నీడలుండవు, గుంటా దిబ్బా ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. ఎలుగులతో పాటు దీనికీ భయపడాలి. అలాంటి రోజు బయల్దేరకపోవడమే అనుభవం ఉన్నవాళ్ల పద్ధతి.

తిండి దగ్గర మన సూట్‌కేసు లెక్క మార్చుకోవాలి. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తేనివ్వరు. కాబట్టి నెయ్యీ పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. ఆవకాయ, కారం, కందిపప్పు, చింతపండు, ఇంగువ తీసుకెళ్లొచ్చు. బియ్యం, పచ్చిమిర్చి, కొబ్బరిపాలకు థాయ్‌వాళ్లు దిక్కు. వాళ్లు ఆ ఊళ్లో మనకంటే ఎంతో ముందు వేళ్లూనుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర అన్నం మీద బెంగ తీరుతుంది. గదుల్లో గాలి బాగా పొడి, గిన్నె నీళ్లు హీటర్ మీద పెట్టుకోకపోతే ముక్కులోంచి రక్తం వస్తుంది. పిల్లిని తీసుకెళ్లకూడదు, పక్షుల కోసం నిషేధం.

పుట్టుకకూ చావుకూ ఆ ఊళ్లో చోటు లేదని పత్రికలు తరచూ రాస్తాయి. నిషేధమేమీ లేదు, కారణాలు మామూలువి. ఆసుపత్రి చిన్నది, పెద్ద ఆసుపత్రి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన ట్రొమ్సోలో ఉంది. అందుకని గర్భిణులు నెలలు నిండడానికి సుమారు మూడు వారాల ముందే వెళ్లిపోతారు. విదేశీ కుటుంబానికి ఇక్కడే వీసా, బీమా, అద్దె గది ఒక్కసారే మీదపడతాయి. నాలుగో నెలలోనే వీసా పని మొదలుపెట్టాలి. శవపేటికలు పాతకపోవడానికి గడ్డకట్టిన నేలే కారణం, అది మెల్లగా వాటిని పైకి నెడుతుంది. బూడిద కలశానికైతే అనుమతి ఇస్తారు.

మన నేలకు ఆ కొండల్లో ఒక వాటా ఉంది. విమానాశ్రయం పైన 2008 ఫిబ్రవరి 26న తెరిచిన విత్తన భాండాగారంలో, మైనస్ 18 డిగ్రీల్లో, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన విత్తనాలున్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ లాంటివి. లోపలికి ఎవర్నీ పోనివ్వరు, తలుపు దాకా నడిచి రావచ్చు. ఇంకా ఉత్తరాన నీ-ఓలెసున్‌లో 2008 జులై 1న మొదలైన మన హిమాద్రి కేంద్రం ఉంది. అక్కడ పరిశోధనకు వెళ్లేవాళ్లను గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం పంపుతుంది. రేడియో పరికరాలకు అడ్డు రాకుండా ఆ ఊళ్లో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు మేం చూసిన ఊరు కనిపించదు. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం 2023 అక్టోబర్‌లో ఆగి డీజిల్‌కు మారింది. 2025లో నార్వేవాళ్ల చివరి బొగ్గు గని, ఏడో నంబరు గని కూడా మూతపడింది. చలిగాలిలో సన్నగా తగిలే ఆ బొగ్గు పొగ వాసన పోయింది. పోవడం మంచిదేనని తెలుసు, అయినా తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. 2022లో మరో మార్పు వచ్చింది. నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు ఉండని విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు తీసేశారు. పిల్లల్ని అక్కడి బడికి పంపుతూ, ఊరి హోటళ్లు తుడుస్తూ, వంటలు చేస్తూ ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల ఓటది. అన్యాయమని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు చేయాల్సిన పనులకూ ఒక వరస ఉంది. స్కూటర్‌ను మార్చిలోనే అమ్మకానికి పెట్టాలి, మే వచ్చి మంచు కరగడం మొదలైతే సగం ధర కూడా రాదు. తుపాకీని అనుమతి ఉన్నవాళ్లకు తప్ప ఇవ్వకూడదు. స్కూటర్ సూట్, బూట్లు, నల్ల తెరలు కొత్తగా దిగినవాళ్లకు వదిలేయడం రివాజు. మనకూ మొదట్లో ఎవరో అలాగే ఇచ్చి ఉంటారు. పన్ను కార్యాలయంలో వెళ్లిపోతున్నట్టు నమోదు చేయించి, చివరి జీతం పడేదాకా బ్యాంకు ఖాతా ఉంచుకోవాలి. వస్తువులు ఓడలో పంపితే పెట్టెలో ఏమున్నాయో జాబితా రాసి అతికించాలి, ఎందుకంటే ప్రధాన భూభాగంలో కస్టమ్స్ ఉంటుంది. అన్నిటికంటే ముందు, టికెట్ కొనేముందే, పాస్‌పోర్ట్ తెరిచి షెంగెన్ వీసాలో ఇంకో ప్రవేశం మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.